ఉత్తర ఇటలీ: కారు కొండలకు, రైలు నగరాలకు

ఇటలీ ద్రాక్షతోటల యాత్ర గురించి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. వీసా సంగతి దాదాపు అందరూ అడిగారు, అది రెండో జవాబులో ఉంది.

ప్రశ్న: మేము రెండు జంటలం, నలుగురమూ యాభై దాటినవాళ్ళం. బరంపురంలో పట్టుబట్టల వ్యాపారం. 12 రోజుల్లో మిలాన్, టురిన్, బరోలో, వెరోనా, వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ అన్నీ కారులో చుట్టి రావాలని ఉంది. ఏజెంటు అయిపోతుందంటున్నాడు. నిజంగా అవుతుందా?

అవుతుంది, కారు అద్దంలోంచి చూడడానికైతే. ఫ్లోరెన్స్, రోమ్ ఈసారికి వదిలేయండి. అవి ఉత్తరాన లేవు, వాటికి వేరే ప్రయాణమే కావాలి. మిగిలినవాటిని కూడా మొదటినుంచి చివరిదాకా కారులో తిరగాల్సిన పని లేదు. మిలాన్, టురిన్, వెనిస్‌లలో కారు మీకు బరువే. పార్కింగ్ ఖర్చు, కెమెరాల జరిమానాలు తప్ప దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. వెనిస్‌లోకైతే కారు అసలు పోనే పోదు, ఊరి అంచున పియాత్సలె రోమా దగ్గరే ఆగిపోవాలి. కారు కావలసింది తోటలున్న కొండల్లో. అక్కడ బస్సులు తక్కువ, టాక్సీ దొరకడం కష్టం.

మీ 11 రాత్రులను ఇలా పంచుకోండి. మిలాన్‌లో 2, టురిన్‌లో 1, బరోలో ఉన్న లాంగె కొండల్లో 3, వెరోనా పక్కన వల్పొలిచెల్లాలోనో గార్దా సరస్సు దక్షిణపు ఒడ్డునో 3, వెనిస్‌లో 2. మిలాన్ నుంచి టురిన్‌కు వేగపు రైలులో సుమారు గంట. కారు టురిన్‌లో తీసుకుని వెరోనాలో అప్పగించండి. వేరే ఊళ్ళో అప్పగిస్తే అదనపు రుసుము పడుతుంది కాబట్టి బుకింగ్ అప్పుడే మొత్తం ఎంతో చూసుకోండి. వెరోనా నుంచి వెనిస్‌కు మళ్ళీ రైలు. తిరుగు విమానం వెనిస్ నుంచే పెట్టుకుంటే మిలాన్‌కు వెనక్కి పోయే రోజు మిగులుతుంది.

మిలాన్‌లో లియొనార్డో గీసిన 'చివరి విందు' చూడాలంటే టికెట్లు నెలల ముందే కొనాలి. లోపల ఉండనిచ్చేది 15 నిమిషాలు, సోమవారం సెలవు. విమానం టికెట్ల కంటే ముందు దీని తేదీ చూసుకోమంటాం. టురిన్‌లో ఒక్క పూటే ఉందనుకుంటే 1824లో పెట్టిన ఈజిప్టు మ్యూజియం చూడండి. రెండో పూట దొరికితే కారిన్యానో భవనానికి వెళ్ళండి. 1861లో ఇటలీ ఒక్క రాజ్యమైనప్పుడు మొదటి పార్లమెంటు కూర్చున్నది ఆ ఊళ్ళోనే. 1865 దాకా రాజధాని కూడా అదే.

లాంగెలో మకాం ఆల్బా పట్టణంలో కంటే చుట్టుపక్కల పల్లెల్లోని అగ్రితురిస్మోలో, అంటే రైతుల ఇళ్ళ బసలో, బాగుంటుంది. మొదటి రోజు బరోలో, లా మొర్రా. రెండో రోజు బార్బరెస్కో, నెయివె. మూడో రోజు గ్రింజానె కవూర్ కోట. ఇటలీ ఏకీకరణను నడిపించిన కవూర్ 1832 నుంచి 1849 దాకా ఆ చిన్న ఊరికి మేయరు. ఆ కోటలోనే ఇప్పుడు ప్రాంతపు వైన్ల ప్రదర్శనశాల, అమ్మకం. ఈ ఊళ్ళన్నీ ఆల్బాకు పది పదిహేను కిలోమీటర్ల లోపే.

లాంగె నుంచి వెరోనాకు సుమారు 300 కిలోమీటర్లు, నాలుగు గంటలు. మధ్యలో క్రెమోనా వస్తుంది. స్త్రాదివారి వయొలిన్లు చేసిన ఊరు, వయొలిన్ల మ్యూజియం ఉంది. భోజనానికి అక్కడ ఆగండి. సామాను మాత్రం కారు వెనక సీట్లో బయటికి కనబడేలా పెట్టకండి.

ఇంకో మాట. నలుగురు మనుషులు, నాలుగు పెద్ద సూట్‌కేసులంటే 'కాంపాక్ట్' కారు చాలదు. పెద్ద వ్యాను తీసుకుంటే పల్లె సందుల్లో అద్దాలు గీసుకుంటాయి. స్టేషన్ వ్యాగన్ అడగండి.

ప్రశ్న: రాయగడ, కోరాపుట్ ఘాట్ రోడ్ల మీద చాలా ఏళ్ళుగా కారు నడుపుతున్నాను. ఇటలీలో నడపడానికి ఏం కాగితాలు కావాలి? వీసా ఎక్కడ? జరిమానాలు ఎక్కువంటారు, నిజమేనా?

కొండ మలుపులు మీకు ఇబ్బంది పెట్టవు. ఇబ్బందంతా ఊళ్ళలో.

ముందు కాగితాలు. మన లైసెన్సుతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. పరివాహన్ సారథి పోర్టల్‌లో ఫారం 4ఎ నింపి, రూ.1,000 కట్టి, మీ ఆర్టీఓ నుంచి తీసుకోవాలి. ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు వెంట లేకపోతే ఈ పర్మిట్ చెల్లదు. కౌంటరు దగ్గర పర్మిట్ అడక్కుండా తాళాలు ఇచ్చేస్తే మురిసిపోవద్దు. ప్రమాదం జరిగిన రోజున పోలీసులు, బీమా వాళ్ళు అడుగుతారు. కారు అద్దెకు డ్రైవరు పేరుమీదే ఉన్న క్రెడిట్ కార్డు కావాలి, దానిమీద డిపాజిట్ సొమ్ము ఆపి ఉంచుతారు. కార్డులో విదేశీ లావాదేవీలు ఇంటిదగ్గరే ఆన్ చేసుకోండి. డెబిట్ కార్డును చాలాచోట్ల ఒప్పుకోరు. గేర్లు లేని కారు కావాలంటే బుకింగ్‌లోనే అడగాలి, అక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల కారే.

వీసాకు ఒడిశా చిరునామా ఉన్నవారు కోల్‌కతా కాన్సులేటు పరిధిలోకి వస్తారు. దరఖాస్తు వీఎఫ్ఎస్ ద్వారా, అంటే కాన్సులేటు తరఫున కాగితాలు తీసుకునే సంస్థ ద్వారా. ప్రయాణానికి 6 నెలల ముందునుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం కాకూడదు. కానీ ఆ 15 రోజులను నమ్ముకుని కూర్చోవద్దు, వేసవి రద్దీలో అపాయింట్‌మెంటే దొరకదు. పెద్దలకు రుసుము 90 యూరోలు, వీఎఫ్ఎస్ ఖర్చు దానిమీద. వైద్యబీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు తిరిగివచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలైనా చెల్లాలి. గత 59 నెలల్లో షెంగెన్ వీసాకు (ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా) వేలిముద్రలు ఇచ్చినవారు మళ్ళీ ఇవ్వనవసరం లేదు. తిరస్కరణలకు మామూలు కారణాలు రెండు. దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో హఠాత్తుగా పెద్ద మొత్తం పడడం ఒకటి, రోజువారీ ప్రణాళికలో ఒక రాత్రి బస చూపించకపోవడం ఇంకొకటి.

ఇక రోడ్డు. అందరూ చిక్కుకునేది జెడ్.టి.ఎల్.లో. పాత పట్టణాల నడిబొడ్డున స్థానికుల వాహనాలకు మాత్రమే అనుమతి ఉన్న ప్రాంతమది. గేటు ఉండదు, పోలీసు ఉండడు. తెల్లటి గుండ్రం చుట్టూ ఎర్ర అంచు బోర్డు, పక్కన ఒక కెమెరా, అంతే. 'వార్కో అత్తీవో' అని వెలుగుతుంటే ప్రవేశం మూసి ఉందని అర్థం. దాన్ని 'గేటు తెరిచి ఉంది' అనుకుని లోపలికి పోయేవాళ్ళే ఎక్కువ. ఒక్క సాయంత్రం మూడుసార్లు దాటితే మూడు జరిమానాలు. అద్దె కంపెనీ మీ వివరాలు పోలీసులకు అందించినందుకు విడిగా రుసుము వసూలు చేస్తుంది. విదేశీయులకు నోటీసు పంపడానికి వాళ్ళకు 360 రోజుల గడువుంది కనుక, రాలేదని ఏడాది దాకా నిశ్చింత లేదు. హోటల్ ఆ ప్రాంతం లోపల ఉంటే ముందురోజే కారు నంబరు పంపి, నమోదు చేశామని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. జీపీఎస్ మీద భారం వేయకండి, దానికి ఈ హద్దులు అన్నిచోట్లా తెలియవు. గోడల బయట పార్కు చేసి నడవడం అన్నిటికన్నా మేలు. తెల్ల గీతల మధ్య పార్కింగ్ ఉచితం, నీలం గీతలకు డబ్బు, పసుపు ఇతరులకు కేటాయించినది. మిలాన్ నడిబొడ్డున 'ఏరియా సి' వేరు, అక్కడ పనిరోజుల్లో ప్రవేశానికి డబ్బు కట్టాలి. మేము మిలాన్‌లో కారు వద్దన్నది ఇందుకే.

అవుతొస్త్రాదా అనే టోల్ రహదారి మీద ఎక్కేచోట చీటీ తీసుకుని, దిగేచోట డబ్బు కట్టాలి. పసుపు టెలిపాస్ వరుస మన ఫాస్టాగ్ లాంటిది, అందులోకి పోవద్దు. పొరపాటున పోతే వెనక్కి తియ్యకండి, సహాయం బటన్ నొక్కి చీటీ తీసుకుని తర్వాత కట్టండి. నీలం వరుస కార్డులకు, నోట్లూ నాణేల బొమ్మ ఉన్నది నగదుకు. మిలాన్‌కు ఉత్తరాన పెదెమొంతానా లొంబార్దా రోడ్డుకు టోల్‌గేట్లే లేవు, కెమెరా నంబరు చదువుతుంది. 15 రోజుల్లోపు ఆన్‌లైన్లో మీరే వెతికి కట్టాలి.

వేగ పరిమితి టోల్ రహదారి మీద 130, వాన పడుతుంటే 110. మామూలు రోడ్ల మీద 90, ఊళ్ళో 50. కొన్నిచోట్ల రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కగడతారు, కాబట్టి కెమెరా కనబడగానే బ్రేకు వేసే మన అలవాటు అక్కడ పనిచేయదు. ఊరు దాటితే పగలైనా హెడ్‌లైట్లు వేసి ఉంచాలి. నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు చాలా రోడ్ల మీద చలికాలపు టైర్లో, మంచు గొలుసులో ఉండాలి.

కుడివైపు నడపడం మొదటి గంటలోనే అలవాటవుతుంది. తప్పు జరిగేది నాలుగో రోజున, పెట్రోలు బంకులోంచి ఖాళీ రోడ్డు మీదికి ఎడమకు తిరిగేటప్పుడు. ఎదురుగా బండి లేకపోతే చెయ్యి దానంతటదే పాత వైపుకు పోతుంది. పక్కన కూర్చున్నవారు ఆ మలుపులో 'కుడి' అని గట్టిగా అనాలి. బంకులో 'గజోలియో' అంటే డీజిల్, 'బెంజీనా' అంటే పెట్రోలు. 'సెర్విత్తో' పంపులో మనిషి పోస్తాడు, లీటరుకు ధర ఎక్కువ. రాత్రిళ్ళు మనిషి లేని పంపులు కార్డుమీద వంద యూరోల దాకా ఆపి, తర్వాత వదులుతాయి. ఖాతాలో డబ్బు పోయిందని కంగారుపడకండి.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. వైనరీల్లో రుచి చూపించేది కొంచెం కొంచెమే కదా. చూసుకుని మా ఆయనే కారు నడిపితే ఫరవాలేదా?

ఫరవా ఉందమ్మా, లెక్క చూడండి. ఒక్కో గ్లాసులో పోసేది సుమారు 50 మిల్లీలీటర్లు. అయిదు రకాలంటే 250. అది 14.5 శాతం ఆల్కహాల్ ఉండే బరోలో ఎర్ర వైన్ అయితే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ 28 గ్రాములు దాటుతుంది. 70 కిలోల మగమనిషి రక్తంలో అది లీటరుకు 0.6 గ్రాముల దగ్గర తేలుతుంది. ఇటలీలో హద్దు 0.5. అంటే ఒక్క వైనరీతోనే దాటిపోయారు. 55 కిలోల ఆడమనిషికి అదే పరిమాణం 0.9 దాకా పోతుంది. శరీరం గంటకు 0.15 చొప్పునే తగ్గించుకుంటుంది, కాఫీ తాగినా స్నానం చేసినా ఆ వేగం మారదు. 0.5 నుంచి 0.8 మధ్య పట్టుబడితే జరిమానా 573 నుంచి 2,170 యూరోలు, పైగా లైసెన్సు మీద చర్య. 0.8 దాటితే క్రిమినల్ కేసు. లైసెన్సు వచ్చి మూడేళ్ళు నిండనివారికి, 21 ఏళ్ళలోపు వారికి హద్దు సున్నా.

మూడు దారులున్నాయి. ఒకరు ఆ రోజంతా తాగకుండా ఉండడం, మరుసటి రోజు ఇంకొకరు. ఇద్దరి పేర్లూ అద్దె ఒప్పందంలో రాయించాలి, లేకపోతే రెండో డ్రైవరుకు బీమా వర్తించదు. రెండోది ఉమ్మేయడం. బల్ల మీద అందుకోసమే పాత్ర ఉంటుంది. తయారీదారులు, వ్యాపారులు అందరూ ఉమ్ముతారు, అమర్యాదేమీ లేదు. అయినా డ్రైవరుకు ఇది చాలదనే మా ఉద్దేశం, నోటిలోంచి కొంత లోపలికి పోతూనే ఉంటుంది. మూడోది 'ఎన్.సి.సి.' అని పిలిచే డ్రైవరుతో కూడిన అద్దె కారు, పూటకో రోజుకో. హోటల్ వాళ్ళను అడిగితే కుదురుస్తారు. నలుగురు పంచుకుంటే భారం కాదు.

వైనరీలకు చెప్పకుండా వెళితే చాలాచోట్ల తలుపు తియ్యరు. రెండు మూడు వారాల ముందు ఈమెయిల్ రాయండి. ఎంతమంది, ఏ భాష, ఏ రోజు, ఏ పూట, ఇంతే చాలు. నేలమాళిగ చూపించి నాలుగైదు రకాలు రుచి చూపించడానికి మనిషికి 20 నుంచి 40 యూరోలు మామూలు. గంటన్నర పడుతుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అంతకుమించి పెట్టుకోవద్దు. మూడోదాంట్లో నాలుక మొద్దుబారి అన్నీ ఒకేలా ఉంటాయి. పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా భోజన విరామం. ఆదివారాలు చిన్న కుటుంబ వైనరీలు మూసేస్తారు. అత్తరు పూసుకుని వెళ్ళకండి, పక్కవాళ్ళ ముక్కు కూడా పనిచేయదు. కుదరకపోతే రద్దు చేసి చెప్పండి. రాకుండా ఊరుకుంటే కొన్నిచోట్ల కార్డులోంచి సొమ్ము తీసుకుంటారు.

ముందుగా కుదుర్చుకోలేకపోయినవారికి 'ఎనొతేకా రెజొనాలె' ఉంది, ప్రాంతపు వైన్లన్నీ ఒకచోట దొరికే దుకాణం. బరోలోలో అది ఫల్లెత్తి కోటలో, బార్బరెస్కోలో ఒకప్పటి చర్చిలో. గ్లాసు లెక్కన కొని రుచి చూడవచ్చు.

ప్రశ్న: జయపురంలో ఉంటాం. జీలుగు కల్లు తప్ప మాకేమీ తెలియదు. ఒకసారి ఎవరో ఎర్ర వైన్ ఇస్తే పుల్లగా, వగరుగా ఉంది. అంత దూరం వెళ్ళి డబ్బు తగలేసుకోవడమేనా?

మీ నాలుక చెప్పింది నిజమే. నేరేడుపండు తిన్నాక నోరు పట్టేసే ఆ వగరే ఎర్ర వైన్‌లోనూ ఉంటుంది. అది ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్. బరోలో చేసే నెబ్బియొలో ద్రాక్షలో అది మరీ ఎక్కువ, పులుపూ ఎక్కువే. అందుకే చట్టం ప్రకారం దాన్ని 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మగ్గబెట్టాకే అమ్మాలి. బార్బరెస్కో అదే ద్రాక్ష, కానీ 26 నెలలు చాలు. కొత్తవాళ్ళు బరోలోతో మొదలుపెట్టి నిరాశపడతారు. క్రమం తిరగేయండి.

మొదట మొస్కాతో దాస్తి. 5 శాతం చుట్టూ ఆల్కహాల్, సన్నని నురగ, తీపి. కల్లు అలవాటున్న నోటికి ఇదే దగ్గర. తర్వాత ప్రొసెక్కో అనే నురగ వైన్. ఇక్కడ సీసా మీది మాటలు మోసం చేస్తాయి. 'బ్రూట్' అంటే తీపి తక్కువ, లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర. 'ఎక్స్‌ట్రా డ్రై' దానికంటే తీపి. 'డ్రై' అన్నది ఇంకా తీపి, 17 నుంచి 32 గ్రాములు. కొనెల్యానో, వల్దొబ్బియాదెనె మధ్య నిటారైన వాలుల్లో పండేది నాణ్యమైనది. ఆ కొండలకు 2019లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వెనిస్ నుంచి కొనెల్యానోకు నేరుగా రైళ్ళున్నాయి. బ్రేషా పక్కన చేసే ఫ్రాంచాకొర్తా కూడా నురగ వైనే కానీ పని వేరు. ప్రొసెక్కోకు రెండో పులియబెట్టడం పెద్ద ట్యాంకులో, దీనికి ఒక్కో సీసాలోనే. ఈస్టు మడ్డితో కనీసం 18 నెలలు ఉంచుతారు, ధర అందుకే ఎక్కువ.

నాలుగో రోజుకు నోరు అలవాటయ్యాక ఎర్రవాటికి రండి. దొల్చెత్తో, బార్బెరా ముందు, బరోలో చివర, అదీ భోజనంతో. ఉప్పు, కొవ్వు ఉన్న జున్నుముక్క నోట్లో పెట్టుకుని తాగితే ఆ వగరు సగం తగ్గుతుంది. పది పదిహేనేళ్ళు సీసాలో ఉన్న బరోలో ఎక్కడైనా గ్లాసు లెక్కన దొరికితే వదలకండి. వగరు కరిగాక మిగిలేది వేరే పానీయం.

వెరోనా పక్క వల్పొలిచెల్లాలో అమరోనె అనే ఎర్ర వైన్ చేసే తీరు చూడదగ్గది. కొర్వీనా, కొర్వినోనె, రొందినెల్లా గుత్తులను కోసి, గాలి ఆడే అటకల మీద తట్టల్లో పరిచి, మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. బరువులో మూడో వంతు దాకా పోతుంది. నీరు పోయి చక్కెర చిక్కబడుతుంది, అందుకే ఆల్కహాల్ 14 శాతానికి తగ్గదు. మామూలు సీసాకు పట్టే ద్రాక్ష కంటే చాలా ఎక్కువ కావాలి కనుక ఖరీదు. ఆ అటకల్లో వాళ్ళ భయమంతా బూజు గురించే. తేమ పెరిగితే గుత్తి మధ్యనుంచి కుళ్ళుతుంది, అందుకని గుత్తులు వదులుగా ఉన్నవే ఏరుతారు. అమరోనె తీసేశాక మిగిలిన పిప్పి మీద మామూలు వల్పొలిచెల్లాను మళ్ళీ పులియబెడితే రిపాస్సో. మా మాట వింటే సీసా కొనేటప్పుడు రిపాస్సో కొనండి. సగం ధరలోపే ఆ వాసన చాలావరకు వస్తుంది.

ప్రశ్న: గుణుపురం నుంచి. మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఇటలీలో పాస్తా, పిజ్జా ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదంటున్నారు. నమ్మవచ్చా?

సగమే నమ్మండి. బోర్డు మీద మాంసం లేకపోయినా వంటలో ఉండే చోట్లు చాలా. రిసొత్తో అనే అన్నపు వంటకాన్ని తరచుగా మాంసపు రసంతో వండుతారు, 'బ్రోదో' ఏమిటని అడగాలి. మిలాన్ రిసొత్తోలో ఎముక మూలుగ కూడా పడుతుంది. బాన్యా కౌదా కూరగాయలకు నంజుకునేదే, కానీ అందులో చేపలున్నాయి. రొమాన్యా ప్రాంతపు పియదీనా రొట్టెలో పందికొవ్వు ఉండవచ్చు, 'సెంత్సా స్త్రుత్తో' అంటే అది లేకుండా అని. లాంగెలో ప్రసిద్ధమైన తాయరిన్ పాస్తా నిండా గుడ్డు సొనే. మీకు పనికొచ్చేది ఎండు పాస్తా, 'పాస్తా సెక్కా', అది గోధుమ రవ్వ, నీళ్ళతో చేసేది. 'సెంత్సా కార్నె, సెంత్సా పేషె, సెంత్సా వోవా' అంటే మాంసం, చేప, గుడ్డు లేకుండా. కాగితం మీద రాయించి పెట్టుకోండి. గొడ్డుమాంసం వద్దనుకునే మాంసాహారులు 'మాంజో', 'వితెల్లో' అన్న రెండు మాటలు గుర్తుంచుకోవాలి.

జున్ను సంగతి చాలామందికి తెలియదు. పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో రెండింటికీ పాలను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే విరగగొడతారు. అది పట్టింపు ఉన్నవారు పాస్తా మీద జున్ను చల్లొద్దని ముందే చెప్పాలి. 'కాల్యో వెజెతాలె' అని రాసి ఉన్నవి మొక్కల రెన్నెట్‌వి.

ఇంటినుంచి తీసుకెళ్ళేవాటిలో బరంపురం అప్పడాలు, ఆవకాయ, పొడులు పర్వాలేదు, గట్టిగా మూత వేసి, చెకిన్ బ్యాగులో. నెయ్యి, కోవా, ఛెనాపోడ వద్దు. యూరప్ బయటినుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంస పదార్థాలు తేకూడదని నియమం. పచ్చి కరివేపాకు కూడా లాగేసుకుంటారు.

ప్రశ్న: ఛత్రపురంలో చరిత్ర మాస్టారిని. నేను తాగను. మావాళ్ళు వైన్ చూసుకుంటే నాకు ఏముంది?

మీకే ఎక్కువ ఉంది మాస్టారూ, వాళ్ళ కారు కూడా మీరే నడుపుతారు.

గార్దా సరస్సుకు దక్షిణాన సొల్ఫెరీనో చూడండి. 1859 జూన్ 24న ఫ్రాన్సు, సార్దీనియా సేనలు ఒకవైపు, ఆస్ట్రియా మరోవైపు ఇక్కడ తలపడ్డాయి. గాయపడి దిక్కులేక పడి ఉన్నవాళ్ళను చూసిన ఆన్రీ ద్యునా అనే స్విస్ వ్యాపారి తర్వాత నడిపిన ప్రయత్నం నుంచే 1863లో రెడ్‌క్రాస్ పుట్టింది. సొల్ఫెరీనో చర్చిలో ఎముకల మందిరం, కస్తిల్యోనె దెల్లె స్తివియెరెలో రెడ్‌క్రాస్ మ్యూజియం, సాన్ మార్తీనోలో ఎత్తయిన గోపురం ఉన్నాయి. ఆ గోపురం లోపల మెట్లుండవు, చుట్టూ తిరిగే వాలుదారి. మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా నెమ్మదిగా ఎక్కవచ్చు. లుగానా అనే తెల్ల వైన్ పండేది సరిగ్గా ఈ పొలాల చుట్టూనే, కాబట్టి ఒక్క రోజులో ఇద్దరి పనీ అయిపోతుంది.

బ్రేషాలో చక్రవర్తి వెస్పాసియన్ కాలపు రోమన్ గుడి, క్రీ.శ. 73 నాటిది. వెరోనాలో మొదటి శతాబ్దపు అరేనా, అంటే రోమన్ల బహిరంగ ప్రదర్శనశాల, 1913 నుంచి వేసవి ఒపెరాలు జరుగుతున్నది. పాదువాలో స్క్రొవేన్యి చాపెల్, చిత్రకారుడు జొత్తో 1305 నాటికి పూర్తిచేసిన కుడ్యచిత్రాలు. దానికీ ముందుగా టికెట్ తీసుకోవాలి. లోపలి గాలి తేమ మారకుండా ముందొక గదిలో కూర్చోబెట్టి పంపుతారు, ఆలస్యమైతే టికెట్ పోయినట్టే.

రెండు రాత్రులు అదనంగా ఉంటే వెనిస్ నుంచి బొలోన్యాకు రైలెక్కండి. అక్కడినుంచి రవెన్నా. పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి క్రీ.శ. 402 నుంచి రాజధాని. 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ వితాలె చర్చిలో మొజాయిక్ రాళ్ళను కొద్దికొద్దిగా వంచి అతికారు, అందుకే మనం కదిలినకొద్దీ వెలుగు మారుతుంది. రవెన్నాకు దగ్గరలోనే ఫొర్లీ పట్టణంలో భారత సైనికుల యుద్ధ శ్మశానవాటిక ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో భారత 4, 8, 10వ డివిజన్లు పోరాడాయి. మద్రాస్ సాపర్లు, అంటే సైనిక ఇంజనీర్లు, కూడా ఉన్నారు. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కనుక, ఊళ్ళో పాత కుటుంబాల్లో ఎవరి తాతగారైనా ఉన్నారేమో కనుక్కోండి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికితే ఏ శ్మశానమో, ఏ వరుసో వస్తుంది. ఖననం చేసినవారికి సమాధులు, దహనం చేసినవారికి స్మారకం మీద పేర్లు. పేరు స్పెల్లింగు మూడు నాలుగు రకాలుగా మార్చి వెతకండి, అప్పటి గుమాస్తాలు విన్నట్టు రాసుకున్నారు.

ప్రశ్న: దసరా సెలవులు తప్ప మాకు వీలు కాదు. అక్టోబరు మంచిదేనా? (బరంపురం)

మంచిదే. నెబ్బియొలో కోత సాగుతుంటుంది, వల్పొలిచెల్లా అటకల మీద ద్రాక్ష కనబడుతుంది. ఆల్బాలో తెల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) సంత అక్టోబరులోనే మొదలవుతుంది. అందువల్లే ఆ శని, ఆదివారాలు గదులు దొరకవు, లాంగె బసను వారం మధ్యకు జరపండి. కోత పనిలో ఉన్న చిన్న వైనరీలు అతిథులను తీసుకోకపోవచ్చు, జవాబు రాకపోతే ఇంకొకరికి రాయండి. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి పోతుంది, ఆ తర్వాత అయిదున్నర కాకుండానే చీకటి. నవంబరులో పో నది మైదానమంతా పొగమంచు, కారు యాత్రకు వద్దు. ఆగస్టు 15 చుట్టుపక్కల సగం ఇటలీ సెలవులో ఉంటుంది, అప్పుడూ వద్దు.

ప్రశ్న: ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు? (రాయగడ)

పెద్దవారు ఒక్కొక్కరికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. సీసా 750 మిల్లీలీటర్లు కనుక రెండే లెక్కకు వస్తాయి. మూడోది తెస్తే 2.25 లీటర్లు, అదనానికి సుంకం కట్టాలి, కట్టకుండా కస్టమ్స్ పచ్చ దారిలో నడిచి రావద్దు. ఒక్కో సీసా కిలోంబావు నుంచి కిలోన్నర తూగుతుంది, నురగ వైన్ సీసాలు ఇంకా బరువు. చెకిన్ బ్యాగులోనే పెట్టాలి. ఒక్కో సీసాను ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, లుంగీలో చుట్టి, పెట్టె అంచులకు తగలకుండా నడుమ పడుకోబెట్టండి. ఒకే దుకాణంలో ఒకే బిల్లు 70 యూరోలు దాటితే పన్ను వాపసుకు ఫారం అడగండి. యూరప్ వదిలే ఆఖరి విమానాశ్రయంలో, బ్యాగు అప్పగించక ముందే, కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి.

ఇంటికి తెచ్చాక అటక మీదా, పూజగది అలమరలోనూ పెట్టకండి. మన వేసవిలో రెండు నెలలకే వైన్ ఉడికినట్టయిపోతుంది. ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టి, ఎండలు రాకముందే తాగేయండి. బరోలో అయితే తాగే రెండు గంటల ముందు బయటికి తీసి, జగ్గులోకి వంచి ఉంచండి. అడుగున నల్లని మడ్డి కనబడితే కల్తీ అనుకోవద్దు, దాన్ని సీసాలోనే వదిలేయండి.